లోపలి కాన్సర్ చర్మం మీదికి తేలినప్పుడు

విశాఖపట్నంలో కుటుంబ వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఆశా కార్యకర్తలు, ఇళ్లకి వెళ్లి రోగులకి డ్రెస్సింగులు చేసే వలంటీర్ల కోసం ఒక చర్మవ్యాధుల నిపుణుడు చేసిన ప్రసంగ పాఠం

నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? ఖాళీలున్నాయి, ముందుకి రండి. ఈ స్లయిడ్లలో ఎరుపుకీ ఊదాకీ తేడా దూరం నుంచి తెలియదు.

పాత తెలుగులో కాన్సర్‌ని రాచపుండు అనేవారు. షుగరున్నవాళ్లకి వీపు మీద లేచే కార్బంకుల్‌నీ రాచపుండే అనేవారు. కంటికి కనపడినదానికి పేరు పెట్టారు, అంతే. లోపల ఏముందో చూసే సాధనం వాళ్లకి లేదు. మనకి ఉంది. ఉండి కూడా గడ్డని చూడగానే సెగ్గడ్డ, కొవ్వుగడ్డ, సిస్టు అని పేరు పెట్టేసి మందు రాసేస్తున్నాం. ఇవాళ మిమ్మల్ని అడగడానికి వచ్చింది ఒక్కటే. అనుమానం ఉన్న గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపండి. గడ్డ మొత్తం కోసి తీసినా సరే, బకెట్లో పడేయకుండా పంపండి.

ముందు ఒక గీత గీసుకుందాం. చర్మంలోనే పుట్టే కాన్సర్లు వేరు, వాటి గురించి ఇవాళ మాట్లాడను. రొమ్ములోనో, ఊపిరితిత్తిలోనో, కిడ్నీలోనో పుట్టి, చర్మం దాకా వచ్చి అక్కడ పిలక వేసినవాటి గురించే ఈ మాట. ఇంకో రకం కూడా ఉంది. లోపల కాన్సర్ ఉన్నందువల్ల చర్మం రంగో తీరో మారుతుంది గానీ, ఆ చర్మంలో కాన్సర్ కణాలుండవు. కనురెప్పల మీద ఊదారంగు వచ్చి, కూర్చున్నవాళ్లు పైకి లేవలేని డెర్మటోమయోసైటిస్ అలాంటిది. అక్కడ ముక్క తీస్తే కాన్సర్ దొరకదు, వెతకాల్సింది లోపల. ఈ రెండూ కలిపేయకండి.

ఎంతమందికి వస్తుంది? లోపలి కాన్సర్లున్నవాళ్లలో 0.7 నుంచి 9 శాతం వరకూ అని రకరకాల లెక్కలున్నాయి. లెక్క ఇంత వెడల్పుగా ఉండటానికి కారణం, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నదే. కొన్ని శవపరీక్షల లెక్కలు, కొన్ని ఓపీ లెక్కలు. 1972లో బ్రౌన్‌స్టీన్, హెల్‌విగ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 724 మంది వివరాలు కూర్చారు. ఆడవాళ్లలో 69 శాతం రొమ్ము కాన్సర్ నుంచి వచ్చినవే. మగవాళ్లలో ఊపిరితిత్తి 24 శాతం, పెద్దపేగు 19, నోటి కాన్సర్ 12. అది వాళ్ల దేశం లెక్క. పొగాకు ఇంతగా నమిలే, కాల్చే మన దగ్గర నోటి కాన్సర్‌ని ఆ వరసలో చివర పెట్టుకుని కూర్చోకూడదు. మన తీరం వెంబడి, ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం దాకా, అడ్డపొగ అలవాటు మీకందరికీ తెలుసు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్లే. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. అందుకే వేరేచోట్ల అరుదైన అంగిలి కాన్సర్ మన దగ్గర అంత అరుదు కాదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు దీని మీద దశాబ్దాల కిందటే రాశారు.

ఇప్పుడు, చర్మానికి ఎలా చేరుతుంది? దారులు నాలుగు.

ఒకటి, పక్కనుంచి నేరుగా తొలుచుకు రావడం. దవడ లోపలి కాన్సర్ బుగ్గ చర్మాన్ని చీల్చుకుని బయటకొస్తుంది. మొదట చర్మం గట్టిపడి లోపలికి అతుక్కుంటుంది, తర్వాత ఎర్రబడుతుంది, ఆ తర్వాత చిల్లు పడి లాలాజలం కారుతుంది. పంటి చీము అనుకుని కోత పెట్టించుకున్నవాళ్లు ఎక్కువగా ఈ దశలోనే మన దగ్గరికొస్తారు.

రెండు, లింఫు నాళాలు, అంటే కండలో ఊరిన నీటిని వెనక్కి తీసుకుపోయే సన్నటి గొట్టాలు. రొమ్ము కాన్సర్‌ది ముఖ్యంగా ఈ దారే. కాన్సర్ కణాలు చర్మంలోని సన్నటి లింఫు నాళాల్ని పూడ్చేస్తాయి. నీరు దిగే దారి లేక చర్మం ఉబ్బుతుంది. కానీ వెంట్రుకల కుదుళ్లు ఉన్నచోట చర్మం కిందికి కట్టేసినట్టుంటుంది, అక్కడ ఉబ్బదు. అందుకే బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా కనపడుతుంది. ఎందుకు అలా కనపడుతుందో తెలిసినవాళ్లు ఆ గుర్తుని ఎప్పుడూ మరిచిపోరు.

మూడు, రక్తం. కిడ్నీ, ఊపిరితిత్తి, థైరాయిడ్ కాన్సర్లు ఇలా వస్తాయి. ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి కిడ్నీ కాన్సర్ పిలక మాడు మీదే తరచూ ఎందుకు లేస్తుంది? ఇంగ్లండులో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ 1889లోనే రొమ్ము కాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల రికార్డులు చూసి, విత్తనం ఎక్కడ పడ్డా తనకి సరిపడిన నేలలోనే మొలుస్తుందని రాశాడు. మన భీమిలి దారి పక్క ఇసుకలో సరుగుడు ఏపుగా లేస్తుంది. అదే ఇసుకలో వరి చల్లండి, చూద్దాం. పేజెట్ మాటని ఇప్పుడు అణువుల స్థాయిలో చూస్తున్నారు, కణం మీది రిసెప్టర్లూ అవయవం విడుదల చేసే రసాయనాలూ అని. ఈయన తండ్రి జేమ్స్ పేజెట్ పేరు కూడా మీరు విన్నదే. చనుమొన మీద తామరలా కనపడే రొమ్ము కాన్సర్‌ని 1874లో వర్ణించింది ఆయన. రెండు చనుమొనల మీదా దురద పొక్కులుంటే తామర కావచ్చు. ఒక్కవైపే ఉండి, ఆయింట్‌మెంట్‌తో నెలలోపు తగ్గకపోతే ముక్క తీయాల్సిందే.

నాలుగో దారి మన చేతుల మీదుగా పడేది. ఆపరేషన్‌లో, సూదితో, గొట్టంతో కాన్సర్ కణాలు దారి పొడవునా రాలడం. పిత్తాశయంలో రాళ్లని లాప్రోస్కోపీ చేస్తారు. సంచి తీసేటప్పుడు చిన్న రంధ్రంలోంచి లాగుతారు. ఆ సంచిలో ఎవరూ అనుకోని కాన్సర్ ఉంటే, కొన్ని నెలలకి ఆ రంధ్రం మచ్చలోనే గట్టి బొడిపె లేస్తుంది. అందుకే పిత్తాశయాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి బయటకి తీయాలి, తీసిన ప్రతి పిత్తాశయాన్నీ పాథాలజీకి, అంటే కణాల్ని సూక్ష్మదర్శినిలో చూసే లాబ్‌కి, పంపాలి. రాళ్లే కదా అని రాళ్లు డబ్బాలో వేసి ఇంటికిచ్చి, సంచి పారేస్తున్నచోట్లు ఇంకా ఉన్నాయి. నోటి కాన్సర్‌వాళ్లకి పొట్టలోకి ఆహారం గొట్టం నోటి గుండా లాగి పెట్టినప్పుడు, గొట్టం బయటకొచ్చిన చోట కూడా ఇలా మొలిచిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ మచ్చలో కొత్తగా ఏదైనా గట్టిపడితే కెలాయిడ్, అంటే ఉబ్బిన మచ్చ, అని ఇంజెక్షన్ ఇచ్చే ముందు, ఆ ఆపరేషన్ ఎందుకు చేశారో అడగండి.

ఎక్కడ చూడాలి అన్నదానికొద్దాం. చొక్కా విప్పించాలి, వెలుతురు ఉండాలి, జుట్టు పాయలు తీసి మాడంతా వేళ్లతో తడమాలి. తలలో గడ్డని మంగలి ముందు చూస్తాడు, మనం తర్వాత చూస్తాం. అది మనకి గౌరవం కాదు. రొమ్ము, ఊపిరితిత్తి కాన్సర్లు ఛాతీ మీద, వీపు మీద. పేగు, అండాశయం, మూత్రాశయం పొట్ట మీద. ప్రొస్టేట్ పొత్తికడుపు కింద, గజ్జల్లో, తొడల మీద. కిడ్నీ, థైరాయిడ్ మాడు మీద. నోటిది ముఖం, మెడ మీద. ఇది పంచాంగం కాదు, తప్పుతుంది కూడా. కానీ ఎటు వెతకాలో మొదటి అడుగు చెప్తుంది.

బొడ్డు గురించి కాస్త నిలబడాలి. అమెరికాలో మిన్నెసొటా రాష్ట్రం రాచెస్టర్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో విలియం మేయోకి ఆపరేషన్లలో సాయం చేసిన సన్యాసిని నర్సు సిస్టర్ మేరీ జోసెఫ్. ఆపరేషన్‌కి ముందు పొట్ట కడిగి శుభ్రం చేయడం ఆమె పని. బొడ్డులో గట్టి బొడిపె చేతికి తగిలినవాళ్లకి లోపల కాన్సర్ ముదిరి ఉంటోందని గమనించి మేయోకి చెప్పింది. మేయో 1928లో దాన్ని రాశాడు. ఆమె 1939లో చనిపోయాక పదేళ్లకి, 1949లో, హామిల్టన్ బెయిలీ తన పుస్తకంలో దానికి ఆమె పేరు పెట్టాడు. ఈ గదిలో ఉన్న స్టాఫ్ నర్సులకి చెప్తున్నాను, వైద్య పుస్తకంలో నర్సు పేరుతో ఉన్న గుర్తులు ఎన్నో లేవు. ఒళ్లు తుడిచేటప్పుడు, డ్రెస్సింగు మార్చేటప్పుడు మీ చేతికి తగిలేది రౌండ్స్‌లో డాక్టరు కంటికి కనపడదు.

బొడ్డులో బొడిపెకి వెతకాల్సిన చోట్లు కడుపు, అండాశయం, పేగు, క్లోమం. కానీ బొడ్డులో ఉన్నదంతా ఇదే కాదు. హెర్నియా మెత్తగా ఉంటుంది, దగ్గితే ఉబ్బుతుంది, నొక్కితే లోపలికి పోతుంది. ఏళ్ల తరబడి కడగని బొడ్డులో మురికి గట్టిపడి నల్లరాయిలా తయారవుతుంది, నూనె వేసి నానబెడితే ఊడొస్తుంది. నెలసరి వచ్చినప్పుడల్లా ఉబ్బి నొప్పి పెట్టి రక్తం వచ్చేది ఎండోమెట్రియోసిస్, గర్భసంచి లోపలి పొర వేరేచోట పెరగడం. ఇవేవీ కాక, రాయిలా గట్టిగా, కదలకుండా, ఒక్కోసారి పగిలి రసి కారుతూ ఉంటే, ఆ రోజే అల్ట్రాసౌండ్‌కి రాయండి.

ఇక రూపాలు. ఎక్కువగా కనపడేది గట్టి బొడిపె. చర్మం రంగులోనో ఎర్రగానో ఉంటుంది, నొప్పి ఉండదు. కొన్ని వారాల్లో లేచి, కొంతకాలం పెరిగి, అక్కడే ఆగిపోతుంది. ఆగిపోయింది కాబట్టి మంచిదే అనుకోవడం పొరపాటు. వేలితో పట్టుకుంటే కొవ్వుగడ్డ జారిపోతుంది, సిస్టు మీద నల్లచుక్క ఉంటుంది, సెగ్గడ్డ సలుపుతుంది. ఈ మూడూ కానిది అనుమానం. మన జిల్లాల్లో కుష్ఠు బొడిపెలు కూడా అచ్చం ఇలాగే ఉండొచ్చు, చెవి తమ్మెలు తడమండి, స్పర్శ చూడండి, స్మియర్ తీయండి.

రెండో రూపం మోసం చేస్తుంది. రొమ్ము మీదో, ఆపరేషన్ చేసిన వైపు ఛాతీ మీదో ఎర్రగా, వెచ్చగా, అంచు స్పష్టంగా పరుచుకున్న మచ్చ. సెల్యులైటిస్, అంటే చర్మానికి ఇన్ఫెక్షన్, అనిపిస్తుంది. జ్వరం ఉండదు. తెల్లకణాలు పెరగవు. యాంటిబయాటిక్‌కి లొంగదు. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, మొదటి యాంటిబయాటిక్ పనిచేయకపోతే రెండోది, రెండోది పనిచేయకపోతే ఇంజెక్షన్, అలా ఆరువారాలు పోతాయి. ఒక కోర్సు, వారం నుంచి పది రోజులు, చాలు. తగ్గలేదంటే తరువాతి చీటీ మీద మందు పేరు కాదు, బయాప్సీ, అంటే ముక్క పరీక్ష, అని ఉండాలి.

మూడోది పలకలా గట్టిపడటం. ఛాతీ చర్మం దళసరెక్కి కవచం తొడిగినట్టు అవుతుంది, ఊపిరి తీస్తే ఛాతీ వ్యాకోచించదు. నాలుగోది మాడు మీద నొప్పీ దురదా లేని బట్టతల మచ్చ. పేనుకొరుకుడు అని ఇంజెక్షన్లిస్తారు. పేనుకొరుకుడులో చర్మం మెత్తగా ఉంటుంది, ఇక్కడ వేలికి గట్టిగా తగులుతుంది. రొమ్ము కాన్సర్ చరిత్ర ఉన్న ఆడవాళ్లలో ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకోటి, ఒక నరం వెంట పట్టీలా వరసగా పొక్కులు. అక్కి అనుకుంటారు. ఊళ్లో కుమ్మరి దగ్గర జాజుతో అక్కి రాయించుకుని మూడువారాలు ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో ఒక తర్కం ఉంది లెండి. నిజమైన అక్కి రాయించినా రాయించకపోయినా రెండు మూడు వారాల్లో ఎండి రాలిపోతుంది. నాలుగోవారానికి కూడా ఎండక గట్టిపడితే అది అక్కి కాదు.

కిడ్నీ పిలక ప్రత్యేకం. ఎర్రగా, ఊదాగా, రక్తం నిండినట్టుంటుంది, ఒక్కోసారి వేలికింద కొట్టుకుంటుంది. దీన్ని రక్తపు గడ్డ అనుకుని క్లినిక్‌లో బ్లేడు పెడితే ఆపలేనంత రక్తం వస్తుంది. మాడు మీద ఎర్రటి గడ్డ చూస్తే కోసే ముందు వేలు ఆనించి నాడి ఉందా చూడండి, స్టెతస్కోపు పెట్టి వినండి, రక్తప్రవాహం చూపే డాప్లర్ స్కాన్ చేయించండి, పొట్ట స్కాన్ తీయించండి. కిడ్నీ తీసేసి పదేళ్లయినా ఇది రావచ్చు. రొమ్ముదీ అంతే. "ఎప్పుడో తగ్గిపోయింది బాబూ" అని పెద్దావిడ చెప్పినా, ఆ ఎప్పుడో అన్నది ఏ సంవత్సరమో రాసుకోండి.

పసిపిల్లల్లో ఒళ్లంతా నీలంగా బొడిపెలు లేస్తే న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల కాన్సర్), లుకేమియా (రక్త కాన్సర్) రెండూ మనసులో ఉండాలి. పెద్దల్లో చిగుళ్లు వాచి పళ్లని కప్పేస్తే దంత వైద్యుడి కన్నా ముందు రక్త పరీక్ష. దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

బయాప్సీకి వద్దాం, అసలు పని ఇదే.

ఈ కణాలుండేది చర్మం పై పొరలో కాదు, దాని కింద. పై పొరకీ గడ్డకీ మధ్య ఒక పలచటి ఖాళీ పట్టీ కూడా ఉంటుంది చాలాసార్లు. అందువల్ల పైపైన గీరి పంపితే "మామూలు చర్మం" అని రిపోర్టు వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, గడ్డ మాత్రం పెరుగుతుంది. పంచ్, అంటే గుండ్రటి గొట్టంలాంటి బ్లేడు, అయితే కనీసం 4 మిల్లీమీటర్లది, 5 అయితే మేలు. కొవ్వు కనపడేదాకా దిగాలి. చర్మం కింద లోతుగా ఉన్న గడ్డకి పంచ్ అందదు, చిన్న కోత పెట్టి ముక్క తీయాలి.

ముందు ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. పెన్నుతో గుర్తు పెట్టండి, మత్తుమందు ఎక్కించాక బొడిపె అంచు తెలియదు. ఆస్పిరిన్ ఆపనక్కర్లేదు. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే పరీక్ష, చూడండి. అడ్రినలిన్ 1:200000 కలిపిన 2 శాతం లిగ్నోకెయిన్, 1 నుంచి 2 మిల్లీలీటర్లు, సన్నటి సూదితో. ఎక్కించిన వెంటనే కోయకండి, గడియారం చూసి ఏడు నుంచి పది నిమిషాలు ఆగితే రక్తం బాగా తగ్గుతుంది. పంచ్‌ని ఒకే దిశలో తిప్పుతూ దించండి. ముక్కని పళ్లున్న ఫోర్సెప్స్‌తో పట్టి లాగొద్దు, కణాలు నలిగిపోతే పాథాలజిస్టుకి మిగిలేది నీలంరంగు మరకే. ఇంజెక్షన్ సూది కొసతో లేపి, అడుగుని కత్తెరతో కత్తిరించండి. పుండు పడిన గడ్డయితే నడిమధ్య తీయకండి, అక్కడ ఉన్నది చచ్చిన కణాలు. అంచు నుంచి తీయండి.

ముక్క వెంటనే ఫార్మలిన్‌లోకి, అది కుళ్లకుండా కాపాడే ద్రవం. 10 శాతం అంటే బజారు ఫార్మలిన్ ఒక పాలు, బఫర్ నీళ్లు తొమ్మిది పాళ్లు. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం. 5 మిల్లీమీటర్ల పంచ్‌కి 20 మిల్లీలీటర్లు పోస్తే ఆలోచించాల్సిన పని లేదు. సన్న మూతి సీసాలో పెద్ద ముక్కని కుక్కితే వెళ్తుంది, గట్టిపడ్డాక బయటకి రాదు. సీసా పగలగొట్టాలి. రొమ్ము కాన్సర్ హార్మోన్ పరీక్షలకి ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, ఆ తర్వాత 6 గంటలకి తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. శనివారం సాయంత్రం తీసి, బుధవారం లాబ్‌కి చేరిస్తే ఆ గడువు దాటిపోయినట్టే. ఆగే వ్యవధి ఉంటే సోమవారం పెట్టుకోండి.

చీటీ మీద "గడ్డ, బయాప్సీ" అని రాసి పంపడం అడ్రసు లేని ఉత్తరం లాంటిది. వయసు, గడ్డ ఉన్న చోటు, ఎన్నాళ్లుగా ఉంది, పాత కాన్సర్ ఏది, ఏ సంవత్సరం, ఏ చికిత్స. పొగాకు ఏ రూపంలో. పాత ఆపరేషన్‌లో తీసిన ముక్కని దాచిన మైనపు బ్లాకు దొరికితే అదీ తెప్పించండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కణాలకి రంగు పట్టించి చూసే రంగుల పరీక్షలు సగం తగ్గుతాయి, డబ్బూ తగ్గుతుంది. ఆ బ్లాకు మైనపుదని చెప్పి ఇవ్వండి. సుమారు 56 నుంచి 60 డిగ్రీల వేడికి కరుగుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే ఇంటికెళ్లేసరికి ఏమీ మిగలదు.

సూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ, కాన్సర్ ఉందో లేదో తొందరగా చెప్తుంది. ముఖ్యంగా పాత కాన్సర్ తెలిసినవాళ్లలో మంచిది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చడానికి మాత్రం చాలాసార్లు ముక్కే కావాలి.

పాథాలజిస్టు ఏం చేస్తారో స్థూలంగా తెలిస్తే రిపోర్టు చదవగలరు. సైటోకెరాటిన్ 7, 20 అని రెండు రంగుల పరీక్షలు. 7 పాజిటివ్, 20 నెగటివ్ అయితే రొమ్ము, ఊపిరితిత్తి, అండాశయం, థైరాయిడ్. తలకిందులైతే పెద్దపేగు. రెండూ నెగటివ్ అయితే ప్రొస్టేట్, కిడ్నీ, లివర్ వైపు చూస్తారు. ఆపైన టీటీఎఫ్-1 ఊపిరితిత్తికీ థైరాయిడ్‌కీ, సీడీఎక్స్-2 పేగుకీ, పాక్స్-8 కిడ్నీ, థైరాయిడ్, అండాశయాలకీ. చెమటగ్రంథుల కాన్సర్ చర్మంలోనే పుట్టి అచ్చం రొమ్ము పిలకలా కనపడొచ్చు. అక్కడ పీ63, డీ2-40 సాయం చేస్తాయి, చర్మంలో పుట్టినదైతే అవి పాజిటివ్‌గా ఉండే అవకాశం ఎక్కువ. రొమ్ము కాన్సర్ తిరగబెట్టిందని తేలినా ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు), హెర్-2 (కణం మీది ఒక ప్రొటీన్) పరీక్షలు మళ్లీ చేయించాలి. తల్లి గడ్డలో ఉన్న గుణం పిలకలో మారి ఉండొచ్చు, మందు ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది.

ఆ తర్వాతి స్కానులూ కీమో నిర్ణయాలూ ఆంకాలజీవాళ్లవి. మన ఊళ్లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉంది, పంపే చోటు లేదని ఎవరూ అనడానికి లేదు. రేడియేషన్ గురించి ఒక్క మాట. రక్తం కారే, నొప్పి పెట్టే గడ్డకి 8 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఒకేసారి ఇచ్చి పంపేయొచ్చు. అయిదు రోజుల్లో 20, పది రోజుల్లో 30 అనేవి మిగతా పద్ధతులు. నడవలేని మనిషిని పదిసార్లు తిప్పాలా ఒక్కసారితో పోనివ్వాలా అని రేడియేషన్ డాక్టర్ని అడగండి. అడిగితే చెప్తారు, అడగకపోతే తిప్పుతారు.

ఎంతకాలం బతుకుతారని ఇంట్లోవాళ్లు అడుగుతారు. చర్మం దాకా వచ్చిందంటే చాలాసార్లు రక్తంలోనో లింఫులోనో తిరిగిందని అర్థం, తేలిగ్గా తీసుకునేది కాదు. కానీ అందరికీ ఒకే జవాబు లేదు. ఊపిరితిత్తిదైతే పాత లెక్కలు నెలల్లోనే ఉండేవి. రొమ్ముదై చర్మానికే పరిమితమైతే ఏళ్లు గడిపినవాళ్లున్నారు. హార్మోన్ మాత్రలు, టార్గెటెడ్ మందులు వచ్చాక పాత లెక్కలు చెప్పి భయపెట్టడం న్యాయం కాదు.

పుండు పడిన గడ్డల సంగతి చూద్దాం. వలంటీర్లు రాసుకోండి.

ఇంట్లోవాళ్లని కుంగదీసేది నొప్పి కన్నా వాసన. అన్నం తినలేరు, చుట్టాలు రారు, రోగి తలుపేసుకుంటాడు. ఆ వాసన కాన్సర్‌ది కాదు, చచ్చిన కండలో గాలి లేకుండా పెరిగే బాక్టీరియాది. అందుకే మెట్రోనిడజోల్ పనిచేస్తుంది. జెల్ దొరికితే జెల్. లేకపోతే 400 మిల్లీగ్రాముల మాత్రని మెత్తగా పొడిచేసి, కడిగిన పుండు మీద చల్లండి, రోజుకి ఒకటి రెండుసార్లు. రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది.

కడగడానికి ఉప్పునీళ్లు చాలు. అరలీటరు నీళ్లు మరిగించి, ఒక చెంచా ఉప్పు వేసి చల్లార్చండి. ఏ రోజువి ఆ రోజే. మాటిమాటికీ స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి, మంటా, రక్తమూ తప్ప లాభం లేదు. పసుపూ సున్నం, ఆకు పసరు కూడా వద్దు. పెచ్చుకట్టి, తీసేటప్పుడు కండ ఊడొస్తుంది. డ్రెస్సింగుకి అరగంట ముందు నొప్పి మందు. పాత గాజుగుడ్డ మీద ఉప్పునీళ్లు పోసి పది నిమిషాలు నాననిచ్చి, అప్పుడు తీయండి. ఎండిన గాజుగుడ్డని పీకడం వల్ల వచ్చే రక్తమే ఎక్కువ. అడుగున అంటుకోని పారఫిన్ గాజుగుడ్డ, దాని మీద మామూలు గాజుగుడ్డ, రసి ఎక్కువైతే పైన శానిటరీ పాడ్. ఖరీదైన డ్రెస్సింగుల కన్నా ఇది చాలా ఇళ్లలో నిలబడుతుంది.

రక్తం కారితే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్, 5 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాములుంటుంది, దాంతో గాజుగుడ్డ తడిపి అదిమి పట్టండి. పది నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా. ఎత్తి చూస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర పెట్టుకోండి, తెల్లబట్ట మీద గ్లాసుడు రక్తం బకెట్టులా కనిపించి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. చిమ్మితే మాత్రం ఆస్పత్రికే. పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన గాజుగుడ్డ పుండు అంచు దగ్గర ఆనించి కాసేపు పెడితే పైకొస్తాయి, ఫోర్సెప్స్‌తో ఏరాలి. పుండులో పోయకూడదు. ఈగలు వాలకుండా పగలు కూడా దోమతెర కట్టమనండి.

మార్ఫిన్‌కి భయపడకండి. 2014లో మత్తుపదార్థాల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో అందుబాటు కాస్త పెరిగింది. మార్ఫిన్‌తో పాటు విరేచనం మందు రాయడం మాత్రం మరవకండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: కత్తి తగిలితే కాన్సర్ పాకుతుందని రోగులు బయాప్సీకి ఒప్పుకోవట్లేదండీ.

చర్మానికి చేరిన కాన్సర్ అప్పటికే పాకినది. ముక్క తీయడం వల్ల దాని దారి మారదు. వాళ్ల భయానికి ఆధారం లేకపోలేదు, వృషణాల గడ్డకి సంచి చర్మం గుండా సూది పెట్టరు, అనుమానం ఉన్న అండాశయ తిత్తిని పొడవరు. అవి వేరే గడ్డలు, వాటికి వేరే నియమాలు. "అమ్మా, ముక్క తీయకపోతే ఏ మందు ఇవ్వాలో మాకు తెలియదు" అని చెప్పండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ప్రశ్న: పిల్లలున్న ఇంట్లో ఈ పుండు అంటుకుంటుందా?

అంటుకోదు. పక్కన పడుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. డ్రెస్సింగు చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాల్సింది పుండులో ఉన్న బాక్టీరియా కోసం, రక్తం కోసం.

ప్రశ్న: పాడేరు వైపు మా సెంటర్‌లో ఫార్మలిన్ ఒక్కోసారి ఉండదు సార్. ముక్క తీసి స్పిరిట్‌లో పంపొచ్చా?

వద్దు. స్పిరిట్‌లో ముక్క కుంచించుకుపోయి, రంగుల పరీక్షలు నమ్మలేని స్థితికొస్తాయి. సెలైన్‌లో తేలేసి పంపితే ఘాట్ దిగేలోపే కుళ్లడం మొదలవుతుంది. ఫార్మలిన్ లేని రోజు ముక్క తీయకండి, ఫొటో తీసి, చీటీ రాసి, మనిషిని పంపండి. ఇండెంట్ పెట్టేటప్పుడు సీసాలు కూడా అడగండి, వెడల్పు మూతివి. పేరు, చోటు, తేదీ రాసిన చీటీని సీసా ఒంటికి అంటించండి, మూతకి కాదు. లాబ్‌లో నాలుగు సీసాల మూతలు ఒకేసారి తీస్తారు.